పాత ఫోర్‌వీల్ జీపుల బ్రేకులు: గోదావరి డెల్టాలో బలహీనత, బాగుసేత

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే పాత జీపుల్లో బ్రేకు పట్టు ఎందుకు తగ్గుతుంది, దాన్ని తిరిగి ఎలా రాబట్టుకోవాలి అన్నది ఈ వ్యాస విషయం. తెలుగునాట ఈ తరగతి బండ్లలో ముఖ్యమైనవి యుద్ధకాలపు విల్లీస్ జీపులు, మహీంద్రా వారి సీజే3బీ, ఆ తర్వాతి ఎంఎం540, ఎంఎం550. గౌతమి ఎడమ గట్టు వైపున, పంచారామాల్లో ఒకటైన భీమేశ్వరాలయం ఉన్న ద్రాక్షారామం పరిసరాలను ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నాం. పొలం గట్టు, కాలువ గట్టు, చెరువుల మధ్య మట్టిదారి, రేవు దిగుడు ఉన్న ఈ ప్రాంతంలో బ్రేకును పాడుచేసే కారణాలన్నీ ఒకేచోట కనిపిస్తాయి.

బ్రేకు సరిగా పడటం లేదనగానే డిస్కులు వేయించమనే సలహా చాలా చోట్ల వినిపిస్తుంది. డిస్కులు మంచివే. కానీ పాత జీపుల్లో చాలావాటికి డ్రమ్ము బ్రేకు ఉండటం అసలు లోపం కాదు. తడి, ఉప్పు, నూనె, లైన్లలో చేరిన గాలి, తప్పు సర్దుబాటు కలిసి ఆ డ్రమ్మును సగం పనికి దింపేస్తాయి. ముందు దాన్ని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితికి తేవాలి. అప్పటికీ చాలకపోతేనే మార్పుల గురించి ఆలోచించాలి. ఈ వరుస తప్పితే డబ్బూ పోతుంది, కొన్నిసార్లు బండి మునుపటికంటే ప్రమాదకరంగా కూడా తయారవుతుంది.

నేపథ్యం

రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన విల్లీస్ ఎంబీకి నాలుగు చక్రాలకూ 9 అంగుళాల డ్రమ్ములు ఉండేవి. ఒకే మాస్టర్ సిలిండర్, ఒకే ఆయిల్ మార్గం. ఆ సిలిండర్ డ్రైవరు కాళ్ల కింద, ఫ్లోరు అడుగున ఛాసిస్‌కు బిగించి ఉండేది. 1945లో మొదలైన మహీంద్రా సంస్థ ఆ దశాబ్దం చివరికే బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు చేపట్టింది. అమెరికాలో 1953 నుంచి 1968 వరకు తయారైన సీజే3బీ ఇక్కడ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు తయారైంది. 1980లలో ప్యూజో డీజిల్ ఇంజనుతో ఎంఎం540 వచ్చింది. ఇంజను మారింది, బరువు పెరిగింది, రోడ్లు బాగుపడి వేగాలు పెరిగాయి. డ్రమ్ము, షూ, లైనరు అనే పద్ధతి మాత్రం చాలాకాలం అలాగే నిలిచింది. 1985 చివర్లో మార్కెట్టులోకి వచ్చిన మారుతి జిప్సీకి ముందు చక్రాలకు డిస్కులు ఉండటంతో, పాత జీపు నుంచి జిప్సీకి మారిన డ్రైవర్లకు తేడా మొదటి రోజే తెలిసేది.

మద్రాసు పాడిలో 1962లో మొదలైన బ్రేక్స్ ఇండియా తయారుచేసిన గర్లింగ్ సామాను దక్షిణాది ఆటో విడిభాగాల దుకాణాల్లో దశాబ్దాలుగా పరిచితం. పాత బండికి విడిభాగాలు దొరకడం ఇప్పటికీ పెద్ద కష్టం కాదు. ఏ బండికి ఏది సరిపోతుందో తెలియడమే కష్టం. తుక్కు నుంచి, సైనిక వేలంపాటల నుంచి తెచ్చి తిరిగి కట్టిన జీపుల్లో ముందు యాక్సిల్ ఒక మోడలుది, వెనక యాక్సిల్ ఇంకో మోడలుది కావచ్చు. అందుకే పని మొదలుపెట్టే ముందు నాలుగు డ్రమ్ముల లోపలి వ్యాసం, నాలుగు వీల్ సిలిండర్ల బోరు, మాస్టర్ సిలిండర్ బోరు కొలిచి రాసుకోవాలి. ఆర్‌సీ పుస్తకంలోని మోడల్ పేరును బట్టి సామాను కొనడం సరికాదు.

బ్రేకు మీద పడే భారం

మనిషి, సరుకు కలిపి 1500 కిలోలున్న జీపు గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆగాలంటే సుమారు 208 కిలోజౌళ్ల శక్తి డ్రమ్ముల్లో వేడిగా మారాలి. 80 కిలోమీటర్ల వేగం నుంచి అయితే అది 370. వేగం మూడో వంతు పెరిగితే భారం దాదాపు 78 శాతం పెరుగుతుంది. డెల్టా నేల చదును కాబట్టి ఒకసారి ఆపాక, మళ్లీ ఆపే లోపు డ్రమ్ముకు చల్లబడే వ్యవధి దొరుకుతుంది. రామచంద్రపురం వెళ్లినా, కోటిపల్లి వెళ్లినా బ్రేకు బలహీనత అంతగా బయటపడదు.

అదే బండి రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాటు ఎక్కి దిగితే లెక్క తలకిందులవుతుంది. నిలువుగా 100 మీటర్ల ఎత్తు నుంచి దిగితే అదే 1500 కిలోల బండి విడుదల చేసే శక్తి దాదాపు 1470 కిలోజౌళ్లు. అంటే 60 వేగం నుంచి ఏడుసార్లు వరసగా ఆపినంత వేడి. డ్రమ్ము పోత ఇనుముది. 9 అంగుళాల డ్రమ్ము 300 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం సుమారు 0.7 మిల్లీమీటర్లు పెరిగి షూ నుంచి దూరం జరుగుతుంది. పెడల్ కిందికి పోతుంది. అదే సమయంలో లైనరులోని జిగురు పదార్థం వేడికి వాయువు వదిలి పట్టు తగ్గిస్తుంది. పాత బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ కింద ఏమీ లేనట్టే ఉంటుంది. మైదానంలో ఏడాదంతా బాగానే ఉన్న జీపు మన్యం దిగేటప్పుడే ఎందుకు మొండికేస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

దిగుడులో మొదటి రక్షణ ఇంజనే. సీజే3బీలో మొదటి గేరు నిష్పత్తి 2.798, లో రేంజి 2.46, యాక్సిల్ 5.38. మూడూ గుణిస్తే 37. ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరుగుతున్నా బండి గంటకు 5 కిలోమీటర్లకు కాస్త ఎక్కువగా మాత్రమే కదులుతుంది. ఫోర్‌వీల్ జీపుకు ఉన్న ఈ సౌకర్యం మామూలు కారుకు లేదు. నిటారు మట్టిదిగుడులో లో రేంజిలో దిగే జీపుకు బ్రేకు దాదాపు అవసరమే పడదు. తారు ఘాటులో అంత నెమ్మది అక్కర్లేదు. హై రేంజిలో రెండో గేరు చాలు.

డెల్టా చేసే చెరుపు

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. 3.7 శాతం నీరు చేరితే 140 డిగ్రీలకే మరిగేలా అయినా ప్రమాణం ఒప్పుకుంటుంది. డాట్ 4కు ఈ సంఖ్యలు 230, 155. ఏడాదిలో ఎక్కువ భాగం ఉక్కపోత ఉండే గోదావరి జిల్లాల్లో, డబ్బా మూత సరిగా లేని పాత మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ త్వరగా పాడవుతుంది. అందులో చేరిన నీరు సిలిండర్ గోడలను లోపలి నుంచి తుప్పు పట్టించి గుంటలు చేస్తుంది. ఆ గుంటల మీద కొత్త రబ్బరు వాషర్లు వేసినా కొన్నాళ్లకే కారతాయి. రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్చడం ఈ ప్రాంతంలో తప్పనిసరి ఖర్చు.

బయటి నుంచి పనిచేసేది ఉప్పు. సముద్రం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండికి ఉప్పునీటి తుంపర ఎప్పుడూ తగులుతూనే ఉంటుంది. ఛాసిస్ వెంట వెళ్లే ఉక్కు గొట్టాలు క్లిప్పుల కింద, మట్టి పేరుకున్న చోట మొదట తుప్పు పడతాయి. పైకి బాగున్నట్టు కనిపించే గొట్టం గట్టిగా తొక్కిన క్షణంలో పగులుతుంది. మార్చేటప్పుడు రాగి, నికెల్ కలిసిన మిశ్రమ గొట్టం వేస్తే తుప్పు బెడద తీరుతుంది. అచ్చమైన రాగి గొట్టం వంచడానికి తేలిక. కానీ కంపనానికి గట్టిపడి పగిలే స్వభావం దానిది, జీపుకు పనికిరాదు. గొట్టం మధ్యలో అతుకు వేయకుండా చివరి నుంచి చివరికి ఒకే ముక్క వేయాలి, అంచు రెండు మడతలుగా విచ్చాలి.

మూడోది బురదనీరు. 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు తుపాను వంటి విపత్తుల్లో జీపులే ఊళ్లకు చేరాయి. అలాంటి రోజుల్లోనే కాదు, ఏటా వానాకాలంలో పొలం దారి నీట మునిగినప్పుడు కూడా డ్రమ్ములోకి నీరు, ఒండ్రు చేరతాయి. నీళ్లలోంచి బయటికి రాగానే బ్రేకు దాదాపు ఉండదు. నెమ్మదిగా నడుపుతూ పెడల్‌ను కొద్దిగా తొక్కిపట్టి కొంత దూరం పోతే లైనరు ఆరుతుంది. ఒండ్రు మాత్రం అలా పోదు. డ్రమ్ము విప్పి కడగకపోతే సాన పట్టినట్టు లైనరునూ డ్రమ్మునూ కలిపి అరగదీస్తుంది. డిస్కు నీటిని, బురదను విసిరేస్తుంది. డెల్టా జీపుకు డిస్కు వేయించాలంటే నా దృష్టిలో అన్నిటికంటే బలమైన కారణం ఇదే, ఘాటు రోడ్డు కాదు.

లోపాన్ని పెడల్ చెబుతుంది

పెడల్ మెత్తగా, స్పంజిలా ఉంటే లైన్లలో గాలి ఉందన్నమాట. రెండుసార్లు పంపు కొడితే పైకి వచ్చి పడుతోందంటే షూకూ డ్రమ్ముకూ మధ్య సందు పెరిగింది. తొక్కిపట్టి ఉంచితే మెల్లగా కిందికి జారిపోతుంటే, బయట ఎక్కడా తడి కనిపించకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్ లీకవుతోంది. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి మాత్రం ఆగకపోతే లైనరు నూనెలో నానింది, లేదా మాడి అద్దంలా నునుపెక్కింది. కాలి బలానికి తోడిచ్చే బూస్టర్ ఉన్న బండిలో అయితే బూస్టర్‌కు వాక్యూమ్ అందడం లేదేమో చూడాలి.

బండి ఒక పక్కకు లాగితే లోపం రెండో పక్క చక్రంలో ఉండే అవకాశం ఎక్కువ. పెడల్ వదిలినా ఒక చక్రం పట్టుకునే ఉంటే ఆ చక్రానికి వెళ్లే రబ్బరు గొట్టం లోపల ఉబ్బి, ఆయిల్‌ను వెళ్లనిచ్చి వెనక్కి రానివ్వడం లేదని అనుమానించాలి. పైకి ఆ గొట్టం కొత్తదానిలా కనిపిస్తుంది. అందుకే ఈ లోపం చాలాసార్లు దొరక్క, మంచి వీల్ సిలిండర్లు అనవసరంగా మారుతుంటాయి.

డ్రమ్ము, షూ, లైనరు

డ్రమ్ము విప్పగానే మొదట చూడాల్సింది నూనె. వెనక చక్రాల్లో యాక్సిల్ సీలు దాటి గేరు ఆయిల్, ముందు చక్రాల్లో స్టీరింగ్ గుండ్ల సీలు దాటి గ్రీజు, నూనె లోపలికి రావడం జీపులకు పాత జబ్బు. నూనె తాగిన లైనరును పెట్రోలుతో కడిగి, మంట పెట్టి కాల్చి మళ్లీ బిగించే అలవాటు ఉంది. పైపొర ఆరినా లోపలి నూనె మొదటి వేడికే బయటికి వస్తుంది. అలాంటి లైనరును పారేయాలి. ఒక చక్రానిది పాడైనా ఆ యాక్సిల్ మీది రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. అయితే సీలు ముందు, లైనరు తర్వాత. ఈ వరుస తప్పితే కొత్త లైనరు కూడా నెలల్లో నూనె తాగుతుంది.

పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ములోని పొడిని గాలి గొట్టంతో ఊదితే ఆ ఆస్బెస్టాస్ పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వాటి కీడు దశాబ్దాల తర్వాత బయటపడుతుంది. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయడం మెకానిక్కుకూ పక్కన నిలబడ్డ కుర్రవాడికీ మంచిది.

డ్రమ్ము లోపల గీతలు పడితే, గుండ్రం తప్పితే లేత్ మీద పెట్టి టర్నింగ్ చేయిస్తారు. 9 అంగుళాల డ్రమ్ము వ్యాసం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించి పెరగకూడదు. అంతకంటే పలచబడితే వేడికి సాగుతుంది, పగలవచ్చు కూడా. కానీ టర్నింగ్ చేశాక చాలామంది వదిలేసే పని ఇంకొకటుంది. డ్రమ్ము వ్యాసం పెరిగింది, షూ వంపు పాతదే. అప్పుడు లైనరు మధ్యలో మాత్రమే తగిలి రెండు చివర్లూ గాలిలో ఉంటాయి. లైనరుకు సుద్ద రాసి, డ్రమ్ము బిగించి, తిప్పి, విప్పి చూస్తే ఎంత భాగం తగులుతోందో తెలుస్తుంది. ఆ వంపు కలిసేలా లైనరును రాపించాలి. కొత్త లైనర్లు వేశాక కూడా బ్రేకు రాలేదనే బండ్లలో చాలాసార్లు ఈ ఒక్క పనే మిగిలి ఉంటుంది.

షూల స్థానం మరో ముఖ్య విషయం. చక్రం తిరిగే దిశలో ముందున్న షూను డ్రమ్ము తనలోకి లాక్కుంటుంది. కాలి బలానికి తోడు చక్రం బలం కూడా కలిసి పట్టు పెరుగుతుంది. వెనకనున్న షూను డ్రమ్ము తోసేస్తుంది. పాత 9 అంగుళాల బ్రేకులో రెండు షూలకూ కింద విడివిడి మేకులు ఉంటాయి, పొడవు లైనరున్న షూ ముందువైపు ఉండాలి. తారుమారైతే బండి ఆగదని కాదు, కానీ ముందుకు పోయేటప్పుడు పట్టు తగ్గుతుంది. పాత షూలను విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీసుకుంటే ఈ తప్పు జరగదు. అయితే అంతకుముందు ఎవరో తప్పు పెట్టి ఉండవచ్చు కాబట్టి ఆ ఫొటోను కూడా మాన్యువల్‌తో పోల్చాలి.

ఈ బ్రేకులు వాటంతటవే సర్దుకోవు. వెనక పళ్లెం మీద పైన ఉన్న బోల్టులను తిప్పి చక్రం కొంచెం రాసుకునేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేదాకా వదలాలి. లైనర్లు కొత్తగా వేసినప్పుడు కింది మేకుల సర్దుబాటు కూడా చేయాలి. టైరు కూడా లెక్కలోకి వస్తుంది. దాదాపు 28 అంగుళాల ఎత్తుండే 6.00-16 టైరు తీసి 31 అంగుళాలది వేస్తే, అదే బ్రేకుతో ఆగే బలం పదో వంతు తగ్గుతుంది.

ఆయిల్ మార్గం

రబ్బరు వాషర్లను పెట్రోలు, కిరసనాయిలు, డీజిలుతో కడిగితే ఉబ్బిపోతాయి. కడగడానికి కొత్త బ్రేక్ ఆయిలే వాడాలి. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. కుడివైపు స్టీరింగున్న మన జీపులో ఆ వరుస ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. వీల్ సిలిండర్ నిపుల్ పై అంచున లేకుండా తిరగబడి బిగించి ఉంటే ఎంతసేపు పంపు కొట్టినా గాలి పూర్తిగా పోదు.

పెడల్ గట్టిగా ఉందని సన్నబోరు మాస్టర్ సిలిండర్ వేయించే వాళ్లున్నారు. ఒక అంగుళం బోరు తీసి ముప్పాతిక పైన పరక, అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతుల బోరు వేస్తే, అదే కాలి బలానికి ఒత్తిడి 30 శాతం పెరుగుతుంది. పెడల్ దిగే దూరమూ 30 శాతం పెరుగుతుంది. షూల సందు సరిగా ఉన్న బండిలో ఇది చవకైన మంచి మార్పు. సందు ఎక్కువున్న బండిలో పెడల్ నేలకు తగులుతుంది.

పెద్ద మార్పులు

బాగుసేత పూర్తయ్యాక మొదట చేయదగిన మార్పు రెండు భాగాల మాస్టర్ సిలిండర్. దీనివల్ల బ్రేకు బలం పెరగదు, అందుకే దీనికి ఆదరణ తక్కువ. కానీ ఒకే మార్గమున్న బండిలో ఒక గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. రెండు మార్గాలుంటే ముందో వెనకో మిగులుతుంది. ఉప్పుగాలిలో తుప్పు పట్టిన గొట్టాల మీద తిరిగే ప్రాంతంలో డిస్కుల కంటే ముందు ఖర్చు పెట్టాల్సింది దీని మీద.

తర్వాతది బూస్టర్. 8 అంగుళాల బూస్టర్ పళ్లెం మీద మంచి వాక్యూమ్ ఉంటే లెక్క ప్రకారం 200 కిలోలకు పైగా బలం కాలికి తోడవుతుంది. అయితే వాక్యూమ్ ఎక్కడి నుంచి వస్తుందన్నది చూడాలి. పెట్రోలు ఇంజను మానిఫోల్డులో అది సహజంగా దొరుకుతుంది. డీజిల్ ఇంజనులో దొరకదు, వాక్యూమ్ పంపు వేరుగా ఉండాలి. చాలా ఇంజన్లకు అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. పెట్రోలు జీపుకు డీజిల్ ఇంజను ఎక్కించి, పంపు లేని ఆల్టర్నేటర్ పెట్టి, బూస్టర్ తగిలిస్తే అది ఉత్త డబ్బా. పంపు ఉన్నా మధ్యలో వన్‌వే వాల్వు సరిగా ఉండాలి. ఇంజను ఆగాక కూడా రెండు మూడు తొక్కుళ్లకు సాయం మిగలడం దాని పనితీరుకు గుర్తు.

డిస్కుల విషయానికి వస్తే, బొలెరో వంటి తర్వాతి బండ్ల ముందు డిస్కులను పాత యాక్సిల్‌కు అమర్చడం బాగా వాడుకలో ఉంది. ముందు చక్రాలకే మొదట ఎందుకంటే, ఆగేటప్పుడు బరువు ముందుకు వాలుతుంది. 80 అంగుళాల చక్రాంతరం, ఎత్తయిన శరీరం ఉన్న సీజే3బీ లాంటి పొట్టి జీపులో ఈ వాలు మరీ ఎక్కువ. వెనక బ్రేకు బలం పెంచితే వెనక చక్రాలు ముందే లాకై, తడి రోడ్డు మీద బండి అడ్డం తిరుగుతుంది.

డిస్కుకు డ్రమ్ములా తనంతట తాను బిగుసుకునే గుణం లేదు. కాబట్టి ఒత్తిడి ఎక్కువ కావాలి, దాదాపు ఎప్పుడూ బూస్టర్ తోడుండాలి. కాలిపర్ పిస్టన్ పెద్దది, ఆయిల్ ఎక్కువ కావాలి, మాస్టర్ సిలిండర్ బోరు దానికి తగ్గట్టు ఉండాలి. డ్రమ్ముల కోసం తయారైన పాత మాస్టర్ సిలిండర్‌లో లైన్లలో చదరపు అంగుళానికి సుమారు 10 పౌండ్ల ఒత్తిడి నిలిపే చిన్న వాల్వు ఉంటుంది. అది ఉండగా డిస్కు తగిలిస్తే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కుతాయి. పూర్తిగా తీసేసినా చిక్కే, ఎందుకంటే ఫ్లోరు కింద ఉన్న మాస్టర్ సిలిండర్ కాలిపర్ల కంటే దిగువన ఉండి, ఆయిల్ వెనక్కి జారి పెడల్ దిగిపోతుంది. ముందు మార్గంలో 2 పౌండ్ల వాల్వు, వెనక డ్రమ్ముల మార్గంలో 10 పౌండ్లది ఉండాలి. మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌తో సహా ఇంజను గదిలోకి ఎత్తిన బండిలో ముందుదాని అవసరం ఉండదు.

హ్యాండ్ బ్రేక్

పాత జీపుల హ్యాండ్ బ్రేక్ చక్రాల మీద కాక ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, వెనక షాఫ్టు మీద ఉంటుంది. బండిని నిలబెట్టడానికే ఇది. పరుగులో లాగితే షాఫ్టు, యాక్సిల్ మీద ఎక్కడలేని భారం పడుతుంది. ట్రాన్స్‌ఫర్ కేసు సీలు కారి ఆ నూనెతో దీని లైనరు నానిపోవడం మామూలు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కడానికి వాలులో వరుస కట్టినప్పుడు, ముక్తేశ్వరం వైపు దిగేటప్పుడు, బండిని గేరులో ఉంచి చక్రానికి రాయి పెట్టడమే మంచిది.

ఈ హ్యాండ్ బ్రేక్‌కు ఒక ప్రాణాంతక గుణం ఉంది. హ్యాండ్ బ్రేక్ వేసి ఒక వెనక చక్రాన్ని జాకీతో లేపితే, డిఫరెన్షియల్ వల్ల గాలిలో ఉన్న చక్రం తిరగగలదు కాబట్టి నేల మీది చక్రం కూడా దొర్లగలదు. బండి జాకీ మీద నుంచి పడుతుంది. ముందు చక్రాలకు రెండువైపులా రాళ్లు పెట్టాకే జాకీ వేయాలి.

చట్టం, పరీక్ష

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన రూపం నుంచి బండిని మార్చడాన్ని పరిమితం చేస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. సొంత బండికి 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి, అప్పుడు బండి తనిఖీ ఉంటుంది. అసలు డ్రమ్ములను పూర్తి స్థితికి తెచ్చిన బండికి 52వ సెక్షన్ చిక్కు లేదు. డిస్కులకు మార్చాలనుకునేవారు ముందే రవాణా కార్యాలయంలో అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

పని పూర్తయ్యాక కొత్త లైనర్లు కుదురుకోవడానికి 40 వేగం నుంచి 10 దాకా మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో చల్లబడనిస్తూ కొంత దూరం నడపాలి. తర్వాత మనుషులూ పశువులూ లేని పొడి తారు రోడ్డు మీద 40 వేగం నుంచి ఆపి చూడాలి. పెడల్ తొక్కిన చోటు నుంచి సుమారు 12 మీటర్లలో, అడ్డం తిరగకుండా, వెనక చక్రాలు ముందు లాకవకుండా ఆగితే వేగం ప్రతి సెకనుకూ సుమారు 5 మీ/సె చొప్పున తగ్గినట్టు. వెంటనే నాలుగు డ్రమ్ముల దగ్గర చెయ్యి తాకకుండా పెట్టి వేడి పోల్చాలి. ఒకే యాక్సిల్ మీది రెండు డ్రమ్ముల్లో ఒకటి చల్లగా ఉంటే ఆ చక్రం పని చేయడం లేదు, దాన్ని మళ్లీ విప్పాలి.